పెళ్లి వీడియోల ఎడిటింగ్‌కి పాత జియాన్ కొనాలా, ఐ5 కొనాలా?

తెనాలి నుంచి ఒక తమ్ముడు అడిగిన ప్రశ్న ఇది: "అన్నా, పెళ్లి వీడియోలు ఎడిట్ చేస్తాను. సాఫ్ట్‌వేర్ ఎడియస్ ఎక్కువ, ప్రీమియర్ కొంచెం. ఇప్పుడున్న పాత 4 కోర్ల సిస్టమ్‌లో 4కే ఫుటేజ్ వేస్తే కదలట్లేదు. ఆన్‌లైన్‌లో జియాన్ ఈ5-2680 వీ4 అనే పాత సర్వర్ ప్రాసెసర్, ఎక్స్99 బోర్డు, 32 జీబీ ర్యామ్ కలిపి సెట్‌గా వస్తోంది. 14 కోర్లు, 28 థ్రెడ్లు. దాదాపు అదే డబ్బుకి ఐ5-12400, బోర్డు, 16 జీబీ ర్యామ్ వస్తాయి, కానీ అది 6 కోర్లే. జీటీఎక్స్ 1650 గ్రాఫిక్స్ కార్డు నా దగ్గరుంది. సర్వర్ ప్రాసెసర్ అంటే పదేళ్లు ఢోకా లేదని ఫ్రెండ్స్ అంటున్నారు. పాత పెళ్లిళ్ల ఫుటేజ్ దాచుకోడానికి అదే మెషీన్‌ని సర్వర్‌లా కూడా వాడాలని ఉంది. ఏది తీసుకోను?"

ఐ5 తీసుకో తమ్ముడూ. అది కూడా పేరు చివర ఎఫ్ అనే అక్షరం లేనిది, ఎందుకో కింద చెప్తాను. తొందరలో ఉంటే ఇక్కడితో ఆపేసి షాపుకి వెళ్లినా పర్లేదు. కానీ ఈ "పదేళ్లు ఢోకా లేదు" అనే మాటని మన దగ్గర చాలామంది నమ్ముతున్నారు. ఒకప్పుడు నేనూ నమ్మి చేతులు కాల్చుకున్నాను. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను. పదిహేడేళ్లుగా నాది ఇదే పని. మొదట్లో సికింద్రాబాద్ సీటీసీలో సిస్టమ్స్ అసెంబుల్ చేసేవాణ్ణి, తర్వాత ఒక డేటా సెంటర్‌లో నైట్ షిఫ్టులు చేశాను.

ముందు ఆ జియాన్ గురించి. అది చెడ్డ ప్రాసెసర్ ఏమీ కాదు. 2016లో వచ్చినప్పుడు ఒక్క చిప్ ధరే 1,700 డాలర్ల పైన ఉండేది. పెద్ద కంపెనీలు కొన్నేళ్లకోసారి సర్వర్లు మార్చేస్తాయి. అలా పీకేసిన చిప్‌లు కుప్పలుగా చైనాకి చేరతాయి, అక్కడి చిన్న ఫ్యాక్టరీలు వాటి కోసమే కొత్త బోర్డులు చేసి సెట్లుగా అమ్ముతాయి. చవగ్గా రావడానికి కారణం అంతే, మోసమేమీ లేదు. కాకపోతే అది చేయడానికి పుట్టిన పని వేరు, నువ్వు చేయించాలనుకుంటున్న పని వేరు.

పెళ్లిళ్లు తీసేవాడివి కాబట్టి వంటశాల సంగతి నీకు తెలిసిందే. 14 పొయ్యిలుంటే వెయ్యి మందికి బంతి లేటవకుండా వండి పెట్టొచ్చు. అదే నీ ఒక్కడికి ఒక కప్పు కాఫీ కావాలంటే, 14 పొయ్యిలూ వెలిగించినా పాలు కాగేది ఒక్క పొయ్యి మీదే. ఆ పొయ్యి మంట ఎంత పెద్దదన్నదే నీకు ముఖ్యం. 2680 వీ4లో ఒక్కో కోర్ మామూలుగా 2.4 గిగాహెర్ట్జ్, బాగా ఎగదోస్తే 3.3. ఐ5-12400లో ఒక కోర్ 4.4 దాకా వెళ్తుంది. పైగా అది ఆరేళ్ల తర్వాతి డిజైన్, ఒకే గిగాహెర్ట్జ్‌లో ఎక్కువ పని చేస్తుంది. ఈ రెండూ కలిపి చూస్తే ఒక్క కోర్ చేసే పనిలో ఐ5 ఒకటిన్నర రెట్లకు పైనే. అన్ని కోర్లూ కలిసి చేసే పనిలో జియాన్ దాన్ని తొక్కేస్తుందా అంటే అదీ లేదు. అక్కడ రెండూ అటూ ఇటూగా పక్కపక్కనే నిలబడతాయి. 14 అంకె పక్కన 6 అంకె చూసి భయపడాల్సింది ఏమీ లేదు.

ఇక నీ టైమ్‌లైన్ ఎందుకు స్టక్ అవుతోందో చూద్దాం. కెమెరాలు, డ్రోన్లు రాసే హెచ్.264, హెచ్.265 ఫైళ్లలో ప్రతి ఫ్రేమూ పూర్తి బొమ్మ కాదు. అప్పుడప్పుడు ఒక పూర్తి బొమ్మ ఉంటుంది, మిగతావన్నీ "ముందు దానికీ దీనికీ తేడా ఇంత" అని రాసుకున్న చీటీలు. నువ్వు తలంబ్రాలు పోసే క్షణం దగ్గర కర్సర్ పెడితే, ఆ ఒక్క ఫ్రేమ్ చూపించడానికి సాఫ్ట్‌వేర్ వెనక్కి పోయి పూర్తి బొమ్మ పట్టుకుని, అక్కడి నుంచి ఒక్కో చీటీ విప్పుకుంటూ రావాలి. ముందుది విప్పకుండా తర్వాతది తేలదు కాబట్టి ఈ పనిని 28 మందికి పంచడం కష్టం.

నమ్మకం లేకపోతే ఇప్పుడున్న సిస్టమ్‌లోనే చూడు. 4కే క్లిప్ ఒకటి టైమ్‌లైన్‌లో వేసి, పక్కన టాస్క్ మేనేజర్ తెరువు. పర్ఫార్మెన్స్‌లో సీపీయూ గ్రాఫ్ మీద రైట్ క్లిక్ చేసి లాజికల్ ప్రాసెసర్స్ ఎంచుకుంటే ఒక్కో థ్రెడ్‌కీ ఒక్కో చిన్న గడి వస్తుంది. క్లిప్‌ని ముందుకీ వెనక్కీ లాగుతూ చూడు. నీది 4 కోర్లది కాబట్టి అన్నీ నిండినట్టే కనిపించొచ్చు. నేను 28 గడుల మెషీన్‌లో ఇదే పని చేసి చూశాను. మూడో నాలుగో గడులు పైకీ కిందకీ కొట్టుకుంటున్నాయి, మిగతావి బంతిలో ఆకు వేసుకుని వడ్డన కోసం ఎదురుచూసేవాళ్లలా ఖాళీగా కూర్చున్నాయి. ప్రివ్యూ మాత్రం ఆగి ఆగి వస్తోంది.

ఈ చీటీలు విప్పే పనికే విడిగా ఒక చిన్న యంత్రాంగాన్ని ఇంటెల్ తన డెస్క్‌టాప్ చిప్‌లలో పెట్టింది. దాని పేరు క్విక్ సింక్. అది చిప్‌లోని సొంత గ్రాఫిక్స్ భాగంలో ఉంటుంది. ఎడియస్ చాలా ఏళ్లుగా దాన్ని వాడుకుంటోంది, ప్రీమియర్ కూడా వాడుకుంటుంది. 2680 వీ4లో ఆ గ్రాఫిక్స్ భాగమే లేదు, సర్వర్‌కి స్క్రీన్‌తో పని లేదు కదా. పేరు చివర ఎఫ్ ఉన్న 12400ఎఫ్‌లో కూడా ఆ భాగం పనిచేయదు. కొంచెం తక్కువకి వస్తుందని షాపువాడు అదే అంటగట్టబోతాడు. "ఎలాగూ నీకు కార్డు ఉంది కదా, ఇంకెందుకు" అంటాడు కూడా. ఆ మాట దగ్గర మెత్తబడకు.

నీ 1650 కార్డు కూడా హెచ్.264ని, మామూలు హెచ్.265ని విప్పగలదు, ఆ మాట నిజమే. కొత్త వెర్షన్ సాఫ్ట్‌వేర్లు దాన్నీ వాడుకుంటాయి. కానీ ఈ మధ్య కెమెరాలలో రంగుల వివరాలు ఎక్కువగా రాసుకునే 10 బిట్ 4:2:2 అనే రకం వచ్చింది, కలర్ గ్రేడింగ్‌కి బాగుంటుందని అందరూ అందులోనే తీస్తున్నారు. హెచ్.265లో ఆ రకాన్ని 1650 విప్పలేదు, 12400లోని క్విక్ సింక్ విప్పుతుంది. అదే 10 బిట్ 4:2:2ని హెచ్.264లో తీస్తే మాత్రం క్విక్ సింక్ కూడా చేతులెత్తేస్తుంది. అందుకని కెమెరా మెనూలో ఏది పెట్టి తీస్తున్నారో మీ కెమెరామన్‌ని ఒకసారి అడుగు. ప్రాసెసర్ మార్చినంత తేడా ఆ ఒక్క సెట్టింగ్‌తో వస్తుంది కొన్నిసార్లు.

జియాన్ తరఫున కూడా ఒక మాట చెప్పాలి. ఫుటేజ్ మొత్తాన్ని ముందే ఎడియస్ సొంత హెచ్‌క్యూఎక్స్ ఫార్మాట్‌లోకి మార్చుకుని ఎడిట్ చేసేవాళ్లకి ఆ 14 కోర్లు బాగానే ఉపయోగపడతాయి, ఎందుకంటే అందులో ప్రతి ఫ్రేమూ పూర్తి బొమ్మే. కానీ ఫైళ్లు చాలా రెట్లు ఉబ్బుతాయి, మార్చుకునే టైమ్ వేరే. సీజన్‌లో వరసగా ముహూర్తాలుంటే ఆ ఓపిక ఎవరికుంటుంది?

ఇప్పుడు నా చేతులు కాలిన కథ. 2019లో ఇలాంటి సెట్టే తీసుకున్నాను, అప్పుడు 12 కోర్లది. చిప్‌కి ఇప్పటికీ ఏమీ కాలేదు, బల్ల సొరుగులో పడి ఉంది. పోయింది బోర్డు. మొదటి రోజు నుంచే స్లీప్‌లోకి వెళ్తే లేచేది కాదు, పవర్ తీసి పెట్టాల్సిందే. ర్యామ్ స్లాట్లు నాలుగుంటే ఒకటి ఉన్నట్టే ఉండి ఒక్కో రోజు మాయమయ్యేది. ఏడో నెలలో, మే ఎండల్లో, ఎక్స్‌పోర్ట్ నడుస్తుండగా టప్‌మని ఆగిపోయింది. అమ్మినవాడు నెల రోజుల టెస్టింగ్ వారంటీ అని బిల్లు మీద రాసిచ్చాడు, నేనే చూసుకోలేదు. ఇలాంటి బోర్డుల్లో చాలావాటి మీద ఎక్స్99 అని అచ్చు వేసి ఉంటుంది కానీ, లోపలి చిప్‌సెట్ ఏదో పాత డెస్క్‌టాప్ బోర్డు నుంచి ఊడబెరికిందై ఉంటుంది. బయాస్‌కి, అంటే బోర్డు సొంత సాఫ్ట్‌వేర్‌కి, అప్‌డేట్ కావాలంటే ఎక్కడ దొరుకుతుందో ఎవరికీ తెలియదు. పదేళ్లు ఢోకా లేనిది చిప్‌కి, నిజమే. అది కూర్చునే పీటకి కాదు.

అయినా సరే జియానే కొంటానంటే, చిప్ పైన చెక్కిన అక్షరాలు ఫోన్ కెమెరాతో జూమ్ చేసి చూడు. మామూలుగా అమ్మిన చిప్ మీద మోడల్ పేరు, ఎస్ఆర్‌తో మొదలయ్యే కోడ్ ఉంటాయి. దానికి బదులు ఇంటెల్ కాన్ఫిడెన్షియల్ అని ఉంటే అది టెస్టింగ్ కోసం ఇచ్చిన శాంపిల్ చిప్, ముట్టుకోవద్దు. ఇంకో తలనొప్పి విండోస్. 11కి మైక్రోసాఫ్ట్ ఇచ్చిన ప్రాసెసర్ల జాబితాలో వీ4 జియాన్లు లేవు, విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది. అడ్డదారిలో ఎక్కించొచ్చు, చాలామంది ఎక్కిస్తున్నారు. రేపు ఏదో అప్‌డేట్ దాన్ని ఆపితే పెళ్లివాళ్లకి నువ్వే సమాధానం చెప్పుకోవాలి.

మరి ఇన్ని తలనొప్పులున్నదాన్ని లక్షలు పోసి కంపెనీలు ఎందుకు కొంటాయంటావా? సర్వర్ ప్రాసెసర్ గొప్పతనం కోర్ల కంటే దాని చుట్టూ ఉండే ఏర్పాట్లలో ఎక్కువ. మొదటిది దారులు. డెస్క్‌టాప్ చిప్‌కి ర్యామ్ వెళ్లే దారులు రెండు. ఈ పాత జియాన్‌కే నాలుగు. 2022లో వచ్చిన ఏఎండీ ఎపిక్ 9004 వాటికి 12, కార్డులు, డిస్కులు తగిలించుకోడానికి 128 పీసీఐఈ లేన్లు. 12400లో ర్యామ్ 128 జీబీ దగ్గర ఆగిపోతుంది, 2680 వీ4 ఒకటిన్నర టీబీ దాకా తీసుకుంటుంది. వంద మంది ఒకేసారి వాడే డేటాబేస్‌కి, ఒకే మెషీన్ లోపల విడివిడి కంప్యూటర్లలా నడిచే ఇరవై వర్చువల్ మెషీన్లకి కావాల్సింది ఇదే. అక్కడ ఒక్కో పని రెండు మిల్లీసెకన్లు లేటైనా ఎవరికీ తెలియదు, క్యూ మాత్రం ఆగకూడదు. నీ దగ్గర క్యూ లేదు. స్క్రీన్ ముందు నువ్వొక్కడివే కూర్చుని ఎదురుచూస్తున్నావు.

రెండోది ఈసీసీ ర్యామ్. మామూలు ర్యామ్ 64 బిట్లు దాస్తే, ఇది దాని పక్కన ఇంకో 8 బిట్లు సరిచూసుకోడానికి దాస్తుంది. ఒక బిట్ తప్పితే తనే దిద్దుకుంటుంది, రెండు తప్పితే కనీసం అరుస్తుంది. బిట్ తప్పడం ఏంటి అనుకుంటున్నావేమో. 2003లో బెల్జియంలో ఎన్నికలు జరిగినప్పుడు స్కార్‌బీక్ అనే చోట ఒక అభ్యర్థికి 4,096 ఓట్లు ఎక్కువ పడ్డట్టు ఎలక్ట్రానిక్ లెక్కలో వచ్చింది. ఆమెకి పడే అవకాశమే లేనన్ని ఓట్లు కావడంతో పట్టుబడింది. 4,096 అంటే సరిగ్గా 2ని పన్నెండుసార్లు గుణిస్తే వచ్చే అంకె, అంటే మెమరీలో ఒకే ఒక్క బిట్ 0 నుంచి 1కి తిరగబడితే వచ్చే తేడా. సాఫ్ట్‌వేర్‌లో తప్పేమీ దొరక్క, బిట్ తనంతట తనే తిరగబడి ఉంటుందని తేల్చారు. బ్యాంకు లెక్కల్లో, ఆసుపత్రి రికార్డుల్లో ఇలా జరిగితే కొంప మునుగుతుంది. నీ ఫుటేజ్‌లో జరిగితే చాలావరకు ఒక ఫ్రేమ్‌లో పెళ్లికూతురి చీర అంచు మీద చిన్న చుక్క. డీడీఆర్5 అనే కొత్త రకం ర్యామ్‌లో ఆన్-డై ఈసీసీ ఉందని కొందరు అమ్మేటప్పుడు చెప్తారు. అది ర్యామ్ చిప్ తన లోపలి తప్పులు తను దిద్దుకునేది మాత్రమే, పైన చెప్పిన ఈసీసీ వేరు.

మూడోదాని విలువ నాకు నైట్ షిఫ్టులో తెలిసింది. అసలైన సర్వర్ బోర్డు మీద బీఎంసీ అని ఒక చిన్న చిప్ ఉంటుంది. మెషీన్ మొత్తం కొయ్యబారిపోయినా అది మేలుకునే ఉంటుంది. ఇంట్లో మంచం మీద కూర్చుని బ్రౌజర్‌లో దాని స్క్రీన్ చూసి, రీసెట్ కొట్టి, బయాస్ కూడా మార్చొచ్చు. అది లేని ఒక డెస్క్‌టాప్ మెషీన్‌ని ఒక బ్రాంచ్ ఆఫీసులో సర్వర్‌లా పెట్టారు. రాత్రి రెండింటికి అది హ్యాంగ్ అయితే వాచ్‌మన్‌కి ఫోన్ చేశాను. "బాబాయ్, నల్ల డబ్బా ముందు గుండ్రటి బటన్ ఉంటుంది, అది ఐదు సెకన్లు నొక్కిపట్టు" అన్నాను. పాపం ఆయన నొక్కాడు. నల్లగా ఉన్నది యూపీఎస్ కూడా. ఒక్క సర్వర్ కాదు, ఆఫీసు మొత్తం పడుకుంది.

నువ్వు చూస్తున్న సెట్‌తో వచ్చే బోర్డులో ఈ బీఎంసీ ఉండదు. సర్వర్ చిప్‌లోని నెమ్మదితనం వస్తుంది, సర్వర్ సౌకర్యాల్లో పెద్దది రాదు.

పేర్లు చూసి కూడా మోసపోవద్దు. 2024లో ఏఎండీ ఎపిక్ 4004 అని సర్వర్ ప్రాసెసర్లు తెచ్చింది. అవి డెస్క్‌టాప్ రైజెన్ కూర్చునే ఏఎం5 సాకెట్‌లోనే కూర్చుంటాయి, లోపలి సరుకూ దాదాపు అదే. పాత జియాన్ ఈ3-1230 వీ3 కూడా అంతే, ఆనాటి ఐ7కి గ్రాఫిక్స్ తీసేసి వేరే పేరు పెట్టినట్టు ఉండేది.

జియాన్ కొనుక్కోమని నేను ఎవరికి చెప్తానంటే, అమీర్‌పేటలో క్లౌడ్, లైనక్స్ కోర్సులు చేస్తూ రూమ్‌లో ఎనిమిది పది వర్చువల్ మెషీన్లు నడిపి ప్రాక్టీస్ చేయాలనుకునే పిల్లలకి. వాళ్లకి ర్యామ్, కోర్లు ఎన్ని ఉంటే అంత మంచిది, ఒక్కో దాని వేగంతో పెద్దగా పని లేదు. బోర్డు పోయినా పోయేది ప్రాక్టీసే, ఎవరి పెళ్లీ కాదు. వాళ్లక్కూడా సన్నటి ర్యాక్ సర్వర్ మాత్రం వద్దంటాను. ఆ బుల్లి ఫ్యాన్ల రొదకి రూమ్మేట్ రెండో రోజే ఖాళీ చేస్తాడు.

ఇక ఫుటేజ్ దాచే సర్వర్. ఎడిటింగ్ మెషీన్‌ని అందుకు వాడొద్దు. 100 మెగాబిట్లతో తీసిన 4కే వీడియో గంటకి 45 జీబీ. మూడు కెమెరాలు నాలుగేసి గంటలు తిరిగితే ఒక పెళ్లికి 540 జీబీ. దాన్ని మామూలు గిగాబిట్ నెట్‌వర్క్ మీద పంపడానికి గంటన్నర లోపే పడుతుంది. ఈ పనికి ప్రాసెసర్ దాదాపు నిద్రపోతూనే చేస్తుంది, నీ పాత 4 కోర్ల సిస్టమ్ చాలు. అందులో రెండు పెద్ద హార్డ్ డిస్కులు వేసి, ఒకదాంట్లో రాసిందే రెండోదాంట్లోనూ రాసేలా మిర్రర్ పెట్టు. డెలివరీ అయ్యేదాకా మూడో కాపీ బయట ఎక్స్‌టర్నల్ డిస్క్‌లో ఉంచు, ఎందుకంటే పొరపాటున డిలీట్ కొడితే మిర్రర్ రెండింట్లోనూ బుద్ధిగా డిలీట్ చేస్తుంది.

కరెంటు లెక్క కూడా చూడు. నా జియాన్ మెషీన్‌కి మీటరు పెట్టి చూస్తే ఏ పనీ లేకుండానే 90 వాట్ల దాకా లాగేది. ఇప్పటి ఐ5 మెషీన్ 40 లోపు. ఆ 50 వాట్ల తేడా, రోజంతా ఆన్‌లో ఉంచితే, నెలకి 36 యూనిట్లు. యూనిట్ 8 రూపాయలనుకున్నా ఏడాదికి మూడు వేల నాలుగొందల పైన. ఆ వేడంతా చిన్న ఎడిటింగ్ రూమ్‌లో నీ పక్కనే తిరుగుతుంది, తెనాలి ఎండల గురించి నీకు నేను చెప్పాలా.

కొనేటప్పుడు 16 జీబీ ర్యామ్‌తో సరిపెట్టుకోకు. ఇప్పుడే 32 వేయలేకపోతే 16 జీబీ ఒకే స్టిక్‌గా తీసుకుని, సీజన్ డబ్బులు రాగానే అలాంటిదే రెండోది వెయ్. రెండు దారులూ నిండేదాకా కొంచెం నెమ్మదిగా ఉంటుంది, ఓర్చుకో. ఎవరైనా సెకండ్ హ్యాండ్‌లో 13, 14వ తరం ఐ7, ఐ9 చూపిస్తే జాగ్రత్త. వోల్టేజ్ ఎక్కువై వాటిలో కొన్ని పాడవుతున్నాయని 2024లో ఇంటెలే ఒప్పుకుని, మైక్రోకోడ్ (చిప్ లోపలి సాఫ్ట్‌వేర్) సవరణలిచ్చి, వారంటీ రెండేళ్లు పెంచింది. సవరణ రాకముందే దెబ్బతిన్న చిప్ ఆ సవరణతో బాగుపడదు. నీ 12400 12వ తరం, దానికి ఈ గొడవ లేదు.

చివరిగా, అందరూ మర్చిపోయేది ఒకటుంది. 1650 కార్డు పెట్టగానే చాలా బోర్డులు ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్‌ని వాటంతటవే ఆపేస్తాయి. అప్పుడు నువ్వు ఎఫ్ లేనిది కొన్నా ఎఫ్ ఉన్నది కొన్నట్టే. బయాస్‌లో ఐజీపీయూ మల్టీ మానిటర్ అనో, ఇంటర్నల్ గ్రాఫిక్స్ అనో ఉంటుంది, దాన్ని ఎనేబుల్ చేయించు. విండోస్ ఎక్కాక ఇంటెల్ గ్రాఫిక్స్ డ్రైవర్ కూడా వేయించు. తర్వాత టాస్క్ మేనేజర్ తెరిస్తే జీపీయూ 0, జీపీయూ 1 అని రెండు కనిపించాలి, ఒకదాని కింద ఇంటెల్ యూహెచ్‌డీ 730 అని ఉండాలి. పెన్‌డ్రైవ్‌లో మీ డ్రోన్ క్లిప్ ఒకటి తీసుకెళ్లి, షాపులోనే ప్లే చేసి, ఆ ఇంటెల్ పేరు కింద వీడియో డీకోడ్ గ్రాఫ్ లేస్తుందో లేదో చూసుకుని అప్పుడు డబ్బులివ్వు. లేవకుండా 1650 దగ్గర లేస్తే కంగారు పడకు. ప్లేయర్ ఆ కార్డుని పట్టుకుందన్నమాట, మానిటర్ కేబుల్‌ని బోర్డుకి గుచ్చి ఇంకోసారి చూడు.